నర్మదా, జర ఆగు

లక్ష్మీరాజం చొక్కాలకు రెండో గుండీ ఎన్నడూ నిలవదు. అనసూర్య దాన్ని మామూలు దారంతో కుట్టి చూసింది, రెండు పేటలు వేసి కుట్టింది, చివరికి గోనెసంచులు కుట్టే దారంతో కూడా కుట్టింది. ఏం లాభం లేదు. ఫిట్స్ మొదలయ్యేటప్పుడు అతని కుడిచెయ్యి దానంతట అదే ఛాతీ మీదికి పోతుంది. ఆ గుండీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలుపుతుంది, తిప్పుతుంది, గుంజుతుంది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ ఎవరినీ చూడవు. నోట్లో ఏదో చప్పరిస్తున్నట్టు పెదవులు కదులుతాయి. అప్పుడు ఎంతో స్పష్టంగా, బాటలో ముందు నడిచిపోతున్న మనిషిని పిలిచినట్టు, "నర్మదా, జర ఆగు" అంటాడు. ఎడమచెయ్యి కొయ్యబారడం, మెడ పక్కకు తిరిగిపోవడం, పడిపోవడం, నురగ, అన్నీ ఆ తర్వాతే. మందమర్రి కాలనీలో వాళ్ళ క్వార్టర్ చుట్టుపక్కల అందరికీ ఆ పడిపోవడమూ ఆ నురగా తెలుసు. వాటికి ముందు వచ్చే మూడు మాటలు మాత్రం అనసూర్య ఒక్కతే వింటుంది.

పెళ్ళయిన మూడో నెలలో మొదటిసారి విన్నది. ఆమె తండ్రి కోరుట్లలో మగ్గం నేసేవాడు. బొగ్గుబాయిలో పర్మనెంటు నౌకరి ఉన్న అల్లుడు దొరికాడని ఆయన చుట్టాలందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ పొద్దున లక్ష్మీరాజం డ్యూటీకి పోయే ముందు అన్నం తింటూ తింటూ ఆగిపోయి, గుమ్మం వైపు చూసి ఆ మాట అన్నాడు. ఎవరో ఆడమనిషి వచ్చిందనుకుని అనసూర్య వెనక్కి తిరిగి చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పళ్ళెం బోర్లపడి ఉంది, మనిషి నేల మీద ఉన్నాడు. ఆమె కేకలకు పక్కింటివాళ్ళు వచ్చి అతని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. అనసూర్య మాత్రం గోడకు ఆనుకుని, నర్మద ఎవరు అని ఆలోచిస్తూ నిలబడింది. మొగుడు నేల మీద కొట్టుకుంటుంటే తనకు వచ్చిన మొదటి ఆలోచన అదేనని తలచుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

కబురు తెలిసి సిరిసిల్ల నుంచి అత్త శంకరవ్వ బస్సెక్కి వచ్చింది. కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. పక్కింటి ఆడవాళ్ళు ఉండగానే, కోపంగా కాదు, బాధగా, "నా కొడుకు ఇన్నేండ్లు రాయి లెక్క ఉండె. నువ్వు కాలు పెట్టినంక మూడు నెలలకే గిట్లాయె" అన్నది. ఒక్కసారి అని ఊరుకుంటే అనసూర్య మర్చిపోయేదేమో. కానీ ఆ మాట ఇంట్లో కాపురం పెట్టింది. ఫిట్స్ వచ్చినప్పుడల్లా శంకరవ్వ దాన్ని ఏదో ఒక రూపంలో అనేది. పెళ్ళిళ్ళలో చుట్టాలకు చెప్పేది. పిల్ల మంచిదే, పనిమంతురాలే, అడుగే కలిసి రాలేదు, అని. లక్ష్మీరాజం ఆ మాట విని ఏమీ అనేవాడు కాదు. మొదట్లో అనసూర్య అతని ముఖం వైపు చూసేది, కాదంటాడేమోనని. తర్వాత చూడటం మానేసింది.

నర్మద ఎవరని అత్తనే అడిగింది ఒకనాడు, గిన్నెలు తోముతూ, ఏదో మాటల్లో వచ్చినట్టు. నా తమ్ముని బిడ్డ, చిన్నప్పుడు వీడూ అదీ కలిసి బడికి పోయేవాళ్ళు, అంతే, అన్నది శంకరవ్వ. ఎందుకడుగుతున్నావని తిరిగి అడగలేదు. అలా అడగకపోవడమే అనసూర్యకు ముల్లులా గుచ్చుకుంది. మేనమామ బిడ్డ. వరసైన పిల్ల. అలాంటి పిల్ల ఇంట్లోనే ఉండగా పిల్లను వెతుక్కుంటూ కోరుట్ల దాకా ఎందుకు వచ్చారు?

ఆ మరుసటేడు ఒక పెళ్ళిలో నర్మదను చూసింది. కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటర్. చామనచాయ, పొడుగు మెడ, లేత ఆకుపచ్చ నూలుచీర, ఎడమచేతికి సన్న పట్టీ గడియారం. మగవాళ్ళతో కూడా కూర్చుని మాట్లాడుతోంది. అనసూర్య దగ్గరికి పోతే రెండు ముక్కలు మాట్లాడి, పనున్నట్టు లేచి వెళ్ళిపోయింది. ఆ లేచిపోవడాన్ని అనసూర్య ఇంటికి మోసుకొచ్చింది. తప్పు చేసిన మనిషి కాకపోతే ముఖం ఎందుకు తప్పిస్తుంది? ఇంకో నెలకు ఆమె ఎవరికీ చెప్పకుండా పోస్టాఫీసుకు పోయి, కోరుట్లకు అని చెప్పి ట్రంకుకాల్ బుక్ చేసింది. లైను కరీంనగర్ మీదుగా పోతుందని ఎవరో అనగా విన్నది. చాలాసేపటికి తీగలో గరగర ఆగి, "కరీంనగర్" అని ఒక ఆడగొంతు పలికింది. నున్నటి గొంతు. తొందరలేని గొంతు. అది నర్మదో కాదో ఆమెకు తెలియదు. అయినా ఆ గొంతును వారం రోజులు చెవిలో పెట్టుకుని తిరిగింది. చిన్నప్పుడు బళ్ళో పంతులు, నీ అసలు పేరు అనసూయ, అంటే అసూయ లేనిది అని అర్థం, అని చెప్పినప్పుడు ఎంత గర్వపడిందో గుర్తొచ్చి నవ్వుకున్నది కూడా.

ఏళ్ళు గడిచాయి. లక్ష్మీరాజాన్ని బాయి దిగే డ్యూటీ నుంచి తప్పించి, పైన టోపీ దీపాలు చార్జింగు పెట్టే గదిలో వేశారు. కంపెనీ డాక్టరు ఒక గోలీ రాశాడు, తర్వాత రెండు, తర్వాత మూడు. వాటితో అతని చిగుళ్ళు ఉబ్బాయి, పగలంతా మత్తుగా ఉండేవాడు, ఫిట్స్ మాత్రం వారానికోసారి చెప్పినట్టే వచ్చేవి. కొండగట్టు అంజన్న దగ్గర మండలం రోజులు నిద్ర చేశారు. తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని తడిబట్టలతో అతనితోపాటు అనసూర్యా ప్రదక్షిణలు చేసింది. అప్పుడామె కడుపుతో ఉంది. కూతురు స్వరూప పుట్టాక పని రెట్టింపైంది. బాత్రూమ్ తలుపుకు గొళ్ళెం తీసేసింది. పొయ్యి దగ్గరికి అతన్ని రానిచ్చేది కాదు. మంచం తీసేసి చాపలు పరిచింది. తడిసిన పక్కబట్టలు తెల్లారకముందే ఉతికి ఆరేసేది, పక్కవాళ్ళు లేచి చూసేలోపు. బజారుకు పోయినా, నీళ్ళ కోసం నల్లా దగ్గర నిలబడినా, చెవి ఇంటివైపే ఉండేది. దీన్ని పని అని ఎవరూ అనలేదు. "ఇంట్లనే ఉంటవు గద, ఏం పనుంటది నీకు" అని లక్ష్మీరాజమే ఒకటి రెండుసార్లు అన్నాడు. ఫిట్స్ వచ్చినప్పటి సంగతి అతనికి ఏదీ గుర్తుండేది కాదు. కళ్ళు తెరిచేసరికి శుభ్రంగా తుడిచిన ముఖం, మార్చిన చొక్కా ఉండేవి. అవి ఎట్లా వచ్చాయో ఎన్నడూ అడగలేదు.

ఇంత చేస్తూ కూడా ఆమె లోపల ఒకటే మంట. అన్నం పెట్టేది తను, ఎత్తేది తను, ఎత్తిపోసేది తను. ఒళ్ళు తెలియని క్షణంలో నోటికి వచ్చేది మాత్రం ఇంకొకతె పేరు. ఒళ్ళు తెలిసినప్పుడు మనిషి అబద్ధమాడొచ్చు. ఒళ్ళు తెలియనప్పుడు నిజమే కదా వచ్చేది? అనుకున్నకొద్దీ ఆ పేరు తర్వాత వచ్చే మాట వినాలన్న ఆశ కూడా మొదలైంది. ఆగు అన్న తర్వాత ఇంకేదో ఉండాలి. ఆగు, నేనూ వస్త అనా? ఆగు, నన్ను విడిచిపెట్టి పోకు అనా? ఒకసారి, స్వరూప బడికి పోయిన వేళ, గుండీ మీదికి చెయ్యి పోవడం చూసి అనసూర్య అతని ముందు కూర్చుంది. "నర్మదా, జర ఆగు" అన్నాడు. ఆమె నెమ్మదిగా, ఎన్నడో తీగలో విన్న ఆ గొంతును గుర్తు తెచ్చుకుంటూ, "ఆగిన. చెప్పు" అన్నది. అతని కళ్ళు ఆమె ముఖం మీదుగా అవతలికి చూశాయి. పెదవులు కదిలాయి. మాట రాలేదు. పక్కకు ఒరిగిపోయాడు. ఆమె పట్టుకోవడం ఆలస్యమై అతని నుదురు గోడకు కొట్టుకుంది. ఆ రోజు గాయానికి పసుపు అద్దుతూ అనసూర్య ఏడ్చింది. అతని కోసమా, తన కోసమా అంటే ఆమెకే తెలియదు.

తొంభై ఎనిమిదిలో, ఒక మధ్యాహ్నం దీపాల గదిలో అతను బ్యాటరీల మీద పడ్డాడు. భుజం మీద యాసిడ్ ఒలికి తోలు లేచిపోయింది. ఇక ఇక్కడ కాదని కంపెనీ డాక్టరు హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పంపాడు. స్వరూపను కోరుట్లలో వదిలి, అత్తను వెంటబెట్టుకుని పోయారు.

అక్కడి డాక్టరు పేరు దేవదాస్. నెమ్మదస్తుడు, యాభై ఏళ్ళుంటాయి. గోలీలకు లొంగని ఫిట్స్ కొన్ని ఉంటాయని, అవి మెదడులో ఒకే చోట పుట్టి మిగతా చోట్లకు పాకుతాయని, ఆ పుట్టేచోటు కచ్చితంగా దొరికితే ఆపరేషన్ చేసి తీసేయవచ్చని చెప్పాడు. దొరకాలి, అదే కష్టం, అన్నాడు. మొదలయ్యేటప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పమంటే శంకరవ్వ పడిపోవడం గురించి చెప్పింది. దానికి ముందు అని అడిగాడు. లక్ష్మీరాజం తనకేమీ తెలియదన్నాడు. డాక్టరు అనసూర్య వైపు తిరిగాడు. ఆమె గుండీ గురించి చెప్పింది, చప్పరించడం గురించి చెప్పింది, ఆగిపోయింది. ఏమైనా మాట్లాడతాడా అన్నాడు. అత్త ముందు, మొగుడి ముందు, పన్నెండేళ్ళు మింగిన మాట బయటికి తేవడానికి ఆమెకు నోరు రాలేదు. "ఒక ఆడమనిషి పేరు సార్" అని మాత్రం అన్నది. లక్ష్మీరాజం ఆమె వైపు వింతగా చూశాడు. శంకరవ్వ కొంగు సర్దుకుంది.

అతన్ని ఒక గదిలో మంచం మీద పడుకోబెట్టి, తలంతా సన్న వైర్లు అంటించి, గోడకు కెమెరా బిగించారు. ఫిట్స్ రావాలని గోలీలు తగ్గించారు. వస్తుందేమోనని ఇన్నేళ్ళు భయపడ్డ అనసూర్య, ఇప్పుడు రావాలని ఎదురుచూస్తూ అతని పక్కన కూర్చుంది. మూడోనాడు వచ్చింది. గుండీలేని దవాఖాన గౌను మీద అతని వేళ్ళు వెతికాయి. తర్వాత ఆ మూడు మాటలు.

మర్నాడు ఆ టేపును చిన్న గదిలో టీవీ మీద వేశారు. దేవదాస్, ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లు, అత్తా, అనసూర్యా. లక్ష్మీరాజం వార్డులో నిద్రపోతున్నాడు. టీవీలో అతను లేచి కూర్చున్నాడు. పక్కనే ఒక ఆడమనిషి. అనసూర్య తనను తాను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది. ఆ ఆడమనిషి మొగుడు పడిపోకుండా పట్టుకోలేదు. గంట కొట్టి నర్సును పిలవలేదు. మెడ ముందుకు చాచి, చెవి అతని నోటి దగ్గర పెట్టి, కళ్ళు చిన్నవి చేసి, ఊపిరి బిగబట్టి వింటోంది. దొంగలా ఉంది. ఆకలిగా ఉంది. ఇదా నా ముఖం, అనుకున్నది అనసూర్య. ఇన్నేళ్ళు నేను ఈ ముఖంతోనా బతికింది? దేవదాస్ టేపు వెనక్కి తిప్పి, మాట ఎక్కడ మొదలైందో వైర్ల గీతలతో కలిపి కుర్ర డాక్టర్లకు చూపించాడు. ఆ గదిలో నర్మద పేరు మళ్ళీ మళ్ళీ వినిపించింది. మాట ఇంత తేటగా వస్తుందంటే, చాలామందిలో మాటలకు చోటైన ఎడమవైపు కాక, కుడివైపు మొదలవుతూ ఉండొచ్చని ఆయన అన్నాడు. ఇక ఫోటో చూడాలి, అన్నాడు.

ఫోటో అంటే ఎం.ఆర్.ఐ. లక్ష్మీరాజాన్ని ఒక సొరంగంలాంటి మిషన్‌లోకి పంపారు. బయట బెంచీ మీద కూర్చున్న అనసూర్యకు గోడవతల సిరిసిల్ల మరమగ్గాల షెడ్డు నడుస్తున్నట్టు టకటకా చప్పుడు వినిపించింది. శంకరవ్వ కళ్ళు మూసుకుని అంజన్నను తలుచుకుంటోంది. అనసూర్య మటుకు ఏ దేవుణ్ణీ తలుచుకోలేదు. ఆ మిషన్ అతని తలలో అన్నీ చూస్తుంది కదా, దానికి కనిపించేది తనకెందుకు చూపించదు అని దాని మీద కూడా కుళ్ళుకుంది.

దేవదాస్ నల్లటి ఫిల్మును వెలుతురు పెట్టెకు తగిలించి చూపించాడు. చెవి వెనకాల లోతుగా, రెండు వైపులా చిటికెన వేలంత ముక్కలు రెండుంటాయి. ఎడమది నిండుగా ఉంది. కుడిది ముడుచుకుపోయి, తెల్లబడి ఉంది. గాయం మానిన మచ్చలాంటిదన్నాడు. వైర్లూ టేపూ ఫోటో మూడూ ఒకే చోటు చూపిస్తున్నాయి కాబట్టి ఆపరేషన్‌కు మంచి అవకాశం ఉందన్నాడు. అందరికీ పూర్తిగా తగ్గుతుందని చెప్పలేనని, పదిమందిలో ఆరేడుగురికి ఆగిపోతాయనీ అన్నాడు. తర్వాత శంకరవ్వను అడిగాడు, చిన్నప్పుడు జ్వరంలో ఎప్పుడైనా ఎక్కువసేపు కొట్టుకున్నాడా అని.

శంకరవ్వ వెలుతురు పెట్టె మీది నుంచి చూపు తిప్పుకుంది. తర్వాత, "రెండేండ్లప్పుడు సార్. జరంల. పొద్దుమూకేదాంక కొట్టుకున్నడు. సచ్చిపోయిండనే అనుకున్నం" అన్నది.

అప్పటి మచ్చే అయి ఉండొచ్చు, అది కొన్నేళ్ళు నిద్రపోయి వయసొచ్చాక లేస్తుంది, అన్నాడు దేవదాస్. అనసూర్య ఆ తెల్లని చుక్క వైపే చూస్తూ కూర్చుంది. పన్నెండేళ్ళుగా తన పాదంలో ఉందన్నది అతని తలలో దొరికింది. తను పుట్టకముందే అక్కడ ఉంది. అత్త వైపు తిరిగి చూసింది. శంకరవ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

అందరూ లేచాక అనసూర్య ఒక్కతే వెనక నిలబడి, ఆ ముక్క తీసేస్తే ఆ పేరు కూడా పోతుందా సార్ అని అడిగింది. దేవదాస్ నవ్వలేదు. పేరు మచ్చలో ఉండదమ్మా, ఫిట్స్ అక్కడ పుట్టి చుట్టూ ఉన్న పాత జ్ఞాపకాలను కదిలిస్తుంది, ఆ పేరే ఎందుకు కదిలిందో నేను చెప్పలేను, ఫిట్స్ ఆగితే ఆ మాట రావడం మాత్రం ఆగుతుంది, అన్నాడు. కొందరికి ముఖాలు గుర్తుంచుకోవడం కొంచెం తగ్గొచ్చని కూడా అన్నాడు. ఏ ముఖాలు పోతాయో ముందే చెప్పగలరా అని అడగబోయి ఊరుకుంది. వార్డుకు నడుస్తుంటే ఒళ్ళంతా తేలికగా ఉంది. కత్తి పెట్టి తీసేస్తారు. నర్మద ఎంత చదువుకున్నదైనా, ఎంత గొంతున్నదైనా, కత్తి ముందు ఏం చేస్తుంది? ఆ సంతోషం మంచిది కాదని తెలుసు. తెలిసే ఆ సాయంత్రమంతా దాన్ని విడిచిపెట్టలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు నర్మద వచ్చింది. శంకరవ్వే ఫోన్ చేసి చెప్పిందట. ఎప్పటిలా నూలుచీర, గడియారం. ముందు వెంట్రుకలు నెరిశాయి. లక్ష్మీరాజం మంచం మీద కూర్చుని, "ఏం నర్మదా, మంచిగున్నవా? పిలగాండ్లు మంచిగున్నరా?" అని అడిగాడు. ఆమె బాగున్నారన్నది. బావా, ధైర్యంగా ఉండు అన్నది. అనసూర్య ఇద్దరి ముఖాలూ వెతికింది. ఏమీ లేదు. ఊళ్ళో ఎదురుపడ్డ చుట్టాలు మాట్లాడుకున్నట్టే ఉంది. అలా ఏమీ లేకపోవడం ఆమెను ఇంకా ఉడికించింది.

చాయ్ తాగుదాం రా చెల్లే అని నర్మద ఆమెను బయట బెంచీ దగ్గరికి తీసుకుపోయింది. వరసకు అక్కాచెల్లెళ్ళే అవుతారు. రెండు గుక్కలు తాగాక అనసూర్య ఇక ఆపుకోలేకపోయింది. "ఆయనకు ఫిట్స్ వచ్చేటప్పుడు నీ పేరే తీస్తడు. నర్మదా, జర ఆగు అంటడు. పెండ్లైన కాడి నుంచి వింటున్న."

నర్మద ముఖం తెల్లబోయింది. కప్పు పక్కన పెట్టేసింది. అప్పుడు చెప్పింది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడి నుంచి వస్తున్నారు. ఎండాకాలం. అతను వెనక నడుస్తూ ఆ మాటే అన్నాడు. "నేను ఆగలే చెల్లే. ఊకెనే ఆటలాడుతుండనుకున్న. తిరిగి సుత చూడలే. ఎనక బర్లు కాసుకునేటోళ్ళు తీస్కొచ్చిన్రు. ఎండదెబ్బ అని చెప్పిన్రు ఇంట్ల. నేనదే నమ్మిన."

"మరి ఆయనను పెండ్లెందుకు చేసుకోలే?" అన్నది అనసూర్య.

"అత్త చెప్పింది కాబట్టి." నర్మద ఆమె వైపు చూడకుండా చెప్పింది. "పెద్దోళ్ళు మాట అనుకుంటున్నరని తెలిసి అత్తే మా ఇంటికొచ్చింది. మా బాపును బయటికి పంపి, నన్నొక్కదాన్ని కూసబెట్టుకొని చెప్పింది. వానికి ఫిట్స్ వస్తయి బిడ్డా, ఎన్ని దవాఖాన్లు తిప్పినా తగ్గుతలేదు, నీకు ఇష్టమైతేనే చేసుకో, లేకుంటే లేదు, నేనేమనుకోను అన్నది. ఆలోచించుకోమన్నది. నాకు భయమైంది. వద్దన్న."

నర్మద గొంతు తగ్గించి మళ్ళీ అన్నది. "నీ సంబంధం కుదిరినంక అత్త మా ఇంట్ల చెప్పింది, పిల్లకు అన్నీ చెప్పినం, తెలిసే ఒప్పుకున్నది అని. గప్పటి సంది నువ్వంటే నాకు కుళ్ళు చెల్లే. నాకు లేని గుండె నీకున్నదని. పెండ్లిల నీ దిక్కు చూడనీకి సిగ్గయి లేచిపోయిన."

మనుషులు వస్తున్నారు, పోతున్నారు. ఒక స్ట్రెచర్ చక్రాలు కిర్రుమంటూ వాళ్ళ ముందు నుంచి పోయింది. అనసూర్యకు ఆ ఆకుపచ్చ చీర, ఆ గడియారం, తీగలోంచి వచ్చిన ఆ గొంతు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళు వాటిని చూసి కదా తను కుమిలింది. ఇప్పుడు వాటిలో ఏదీ అక్కర్లేదు. మొగుడి నోట్లో ఆమె పేరున్నా అక్కర్లేదు. ఆ గది కావాలి. తండ్రిని బయటికి పంపి, ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని, బిడ్డా నీకు ఇష్టమేనా అని అడిగిన ఆ గది. అది నర్మదకు దొరికింది. తనకు దొరకలేదు. ఒక్క మనిషి నోటితోనే ఒకామెకు నిజం, ఇంకొకామెకు మౌనం. ఆ తర్వాత పన్నెండేళ్ళు, నీ కాలే మంచిది కాదన్న మాట.

"నాకు ఎవ్వరు చెప్పలే అక్కా," అన్నది.

నర్మద రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అనసూర్య ఆమెను ఓదార్చలేదు. కోపం వచ్చి కాదు. అప్పుడు ఇంకొకరిని ఓదార్చే ఓపిక ఆమెలో లేదు.

ఆపరేషన్ మంచిగా అయింది. తలకు కట్టుతో, వాచిన కళ్ళతో ఉన్న మొగుడికి ఆమె ఎప్పటిలాగే మూతి తుడిచింది, జావ తాగించింది, ఒళ్ళు తుడిచింది. అతను అందరినీ గుర్తుపట్టాడు. వారం గడిచింది, నెల గడిచింది, ఫిట్స్ రాలేదు. ఇంకా రెండేళ్ళు గోలీలు వాడాలని చెప్పి పంపారు. మందమర్రిలో లక్ష్మీరాజం మొదట గడప దాటాడు, తర్వాత బజారుకు పోయాడు, తర్వాత సైకిల్ తీశాడు. దోస్తులతో కూర్చుని రావడం మొదలుపెట్టాడు. అనసూర్య చెవికి పనిలేకుండా పోయింది. నల్లా దగ్గర ఉన్నా అది అలవాటుగా ఇంటివైపు తిరిగేది, అక్కడ నిశ్శబ్దం తగిలి వెనక్కి వచ్చేది. చుట్టాలు వచ్చి అతన్ని చూసి, మళ్ళీ పుట్టినవురా అన్నారు. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

ఒకనాడు అతను చొక్కా వేసుకుంటూ, ఫిట్స్‌లో నేను ఒక పేరు తీసేవాణ్ణని దవాఖానలో చెప్పావు కదా, ఎవరి పేరు అని అడిగాడు. ఆమె చెప్పింది. అతను నిజంగానే ఆశ్చర్యపోయి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నీకు ఫిట్స్ ఉన్న సంగతి పెళ్ళికి ముందు నాకు చెప్పాలని నీకు అనిపించలేదా అని అడిగింది. అతను గుండీలు పెట్టుకోవడం ఆపేశాడు. అవ్వ వద్దన్నది అని మెల్లగా అన్నాడు. తర్వాత, తనను తాను కాపాడుకోవడానికి అన్నట్టు, "చెప్తే నువ్వు చేసుకునేదానివా?" అన్నాడు.

"ఏమో. నన్ను అడగలే గద," అన్నది అనసూర్య.

ఆ మాట అన్నాక ఆమెకే తెలిసింది, దానికి జవాబు తన దగ్గర కూడా లేదని. తెలిసి ఉంటే వద్దనేదేమో. అవుననేదేమో కూడా. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆ అవును తన నోటి నుంచి వచ్చి ఉంటే, ఈ పన్నెండేళ్ళ చాకిరీ ఇంకోలా ఉండేది. పక్కబట్టలు అవే, నురగ అదే, కాని ఉతికే చేతులు తనవి అయ్యేవి.

ఎండాకాలం సెలవుల్లో శంకరవ్వ కొడుకును చూడటానికి వచ్చింది. మధ్యాహ్నం లక్ష్మీరాజం పెరట్లో స్వరూపకు సైకిల్ నేర్పుతున్నాడు. శంకరవ్వ గడపలో కూర్చుని వాళ్ళను చూస్తూ, అంజన్న దయ వల్ల గండం గడిచిందన్నది. ఇక నీకేం పరేషాన్ లేదు, హాయిగా సంసారం చేసుకోండి, అన్నది. అనసూర్య రెండు జతల బట్టలు, కూతురి బట్టలు సంచీలో మడతపెట్టుకుంటోంది.

"అత్తమ్మా," అన్నది, చేతిలో పని ఆపకుండా. "నర్మదక్కను నువ్వు పోయి అడిగినవట గద, నా కొడుకును చేసుకుంటవా అని. జవాబు చెప్పనీకి ఎన్నొద్దులు తీసుకున్నది?"

శంకరవ్వ ఉలిక్కిపడి చూసింది. ఎవరు చెప్పారని అడగబోయి, అక్కర్లేదని తెలిసి ఊరుకుంది. కొడుకు వైపు చూసింది. చివరికి తల వంచుకుని, "నెల పట్టింది. నేను తొందరపెట్టలే. ఆడపిల్ల బతుకు గదా, మంచిగ ఆలోచించుకోమన్న" అన్నది.

అనసూర్య సంచీ మూతి ముడేసింది. బయట స్వరూప పడిపోకుండా సైకిల్ తొక్కుతోంది. "నాకు సుత నెల కావాలె అత్తమ్మా. కోరుట్లల ఉంట."

"పన్నెండేండ్లు సంసారం చేసినంక నెల ఎందుకే?"

"నీ కొడుకును చేసుకోవాల్నా వద్దా అని ఆలోచించుకోనీకి."